ఏ చక్రాలకు కట్టాలి

కూమా, న్యూ సౌత్ వేల్స్
12 మార్చి 2000

అన్నయ్యకు వసుంధర నమస్కారాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ" అంటావు, నేను "లైన్లో ఉన్నావా?" అంటాను. అదే సరిపోతుంది. కాగితం మీద అయితే నువ్వు నాలుగు మాటలు మాట్లాడతావు, అందుకే రాస్తున్నాను.

సిడ్నీలో పెండిల్ హిల్ ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికొచ్చి మూడు వారాలైంది. ఆయన కాంట్రాక్టు జనవరితో అయిపోయిందని నీకు తెలుసుగా. రెండేళ్ళు ఆ బ్యాంకులో కూర్చుని, కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాలన్నీ నాలుగంకెలు చేశారు. కొత్త సంవత్సరం వచ్చింది, ఎక్కడా ఏమీ ఆగలేదు. "ఏమీ ఆగకపోవడమే మా పని" అని ఈయన. "ఏమీ ఆగలేదుగా, ఇంక మీతో పనేముంది" అని వాళ్ళు. ఇప్పుడు ఇంటర్వ్యూకి వెళ్తే జావా వచ్చా, వెబ్‌సైట్లు కట్టడం వచ్చా అని అడుగుతున్నారు. నలభై ఒకటో ఏట పాతికేళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోలేనన్నారు.

ఇక్కడ ఒక ముసలి దంపతుల లాండ్రీ రెండేళ్ళ లీజుకు తీసుకున్నాం. పైన మంచు కొండల్లో స్కీయింగ్‌కు వచ్చేవాళ్ళు దిగే లాడ్జీలున్నాయి. పద్నాలుగు లాడ్జీల దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ పైకి చేర్చాలి. ముసలివాళ్ళ వ్యాను వాళ్ళ అబ్బాయి పట్టుకుపోయాడు. జూన్ లాంగ్ వీకెండ్‌కి మంచు సీజన్ మొదలవుతుంది. ఆలోగా మాకొక స్టేషన్ వ్యాగన్ కావాలి. మూటలు పట్టాలి, మంచులో నడవాలి, పొద్దున సుమను బడి దగ్గర దించాలి.

ఏది కొనాలి? ఆయన రెండు పేపర్లు తిరగేసి పక్కన పడేశారు. "బావగారికి రాయి. ఆయన మాట వచ్చాక ఇంక వెతుకులాట ఉండదు" అన్నారు.

నీ చెల్లెలు
వసుంధర


సన్నీబ్యాంక్, బ్రిస్బేన్
22 మార్చి 2000

చి.సౌ. వసుంధరకు,

ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ మూడు రోజులుగా వాన. మీ వదిన బాగుంది.

మా విడిభాగాల కొట్టు వెనక యార్డులో రెండు వ్యాగన్లు ఉంటే టేపు పెట్టి కొలిచాను. ఈ దేశంలో తయారయ్యే పెద్ద వ్యాగన్లో వెనక సీటు మడిస్తే ఏడడుగుల పైచిలుకు చోటు. ఇంజను ముందుంటుంది, బండిని తోసేవి వెనక చక్రాలు. స్ప్రింగులు గట్టివి. జపాన్ వ్యాగన్లో అయిదున్నర అడుగులు. నాలుగు చక్రాలూ లాగుతాయి. మంచుకు అది మంచిదని అందరూ అంటారు. కానీ బరువుకు చిన్నది, ధర రెట్టింపు.

ముందు నువ్వొక పని చెయ్యి. ఒక మూట ఉతికినది, ఒక మూట మాసినది, రెండూ తూచి రాయి. మాసిన తువ్వాళ్ళు తడిగా వస్తాయి. ఆ తేడా తెలియకుండా బండి చెప్పలేను.

సుమకు ఆశీస్సులు.

గోపాలరావు


కూమా
9 ఏప్రిల్ 2000

అన్నయ్యకు,

తూచాం. ఉతికిన మూట పద్దెనిమిది కిలోలు. మాసినది ఇరవై ఆరు. ఆయన బాత్రూం కాటా మీద మూట నెత్తిన పెట్టుకుని నిలబడి, తన బరువు తీసేశారు. సుమ పక్కన నిలబడి, "డాడీ, యూ లుక్ లైక్ ఎ మష్రూమ్" అని ఒకటే నవ్వు. అది తెలుగంతా అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఆయన కూడా నవ్వారు. జనవరి తర్వాత ఆయన నవ్వు చూడటం ఇదే మొదటిసారి.

ఒక ట్రిప్పుకు పద్దెనిమిది మూటలు. ఎక్కేటప్పుడు తేలిక, దిగేటప్పుడు బరువు.

ఇక్కడి గరాజ్ అతను, "ఆల్ వీల్ డ్రైవ్ తీసుకో మేట్, తర్వాత నాకు థాంక్స్ చెప్తావు" అన్నాడు. అవి మా చేతికి అందేలా లేవు. రిటైరైన టీచరు ఒకాయన తెల్ల వ్యాగన్ అమ్ముతున్నాడు. నువ్వు చెప్పిన పెద్ద రకమే. తుప్పు లేదు, టైర్లు కొత్తవి. ఈయన దానిచుట్టూ నాలుగుసార్లు తిరిగారు. బావగారు ఊఁ అంటే తీసుకుందాం అన్నారు.

దాంతో పాటు కాన్వాసు సంచీలో మంచు చైన్లు కూడా ఇస్తాడట, టైర్లు జారకుండా చుట్టే ఇనప గొలుసులు. నాలుగు చక్రాలూ లాగే బండి కాకపోతే కొండ దారిలో నేషనల్ పార్కు గేటు దగ్గర చైన్లు ఉన్నాయా అని చూస్తారు, లేకపోతే పైకి పోనివ్వరు. మంచు పడిన రోజు రోడ్డు పక్కన ఆపి రెండు చక్రాలకు కట్టుకోవాలి. సంచీలో కాగితం ఏమీ లేదు. ముందు చక్రాలకా, వెనక చక్రాలకా? టీచరుగారు ఏదో చెప్పాడు కానీ ఆయన యాస నాకూ ఈయనకూ సగమే అర్థమైంది. రెండోసారి అడగడానికి ఈయనకు మొహమాటం. "బావగారు ఉండగా ఊళ్ళోవాళ్ళను అడగడమెందుకు" అన్నారు.

వసుంధర


సన్నీబ్యాంక్
19 ఏప్రిల్ 2000

చి.సౌ. వసుంధరకు,

తెల్ల వ్యాగన్ తీసుకోండి. పద్దెనిమిది మాసిన మూటలంటే నాలుగు వందల డెబ్బై కిలోలు దగ్గరకొస్తుంది. ఆ బండి మోస్తుంది. ఇంకో మూట ఎక్కించకండి.

రేడియేటర్లో మామూలు నీళ్ళు ఉండకూడదు. మీ చలికి గడ్డకట్టి ఇంజను పగులుతుంది. కూలెంట్ సగం, నీళ్ళు సగం పోయించండి. బ్యాటరీ పెద్దది వేయించండి. బరువు మూటలు ముందు సీటు వీపుకు ఆనేలా పేర్చి, తేలికవి తలుపు వైపు పెట్టండి. వాటికీ డ్రైవరుకూ మధ్య ఇనప వల కట్టండి. మంచు రోజు పార్క్ చేస్తే వైపర్లు పైకి లేపి ఉంచండి.

చైన్లు ముందు చక్రాలకు కట్టండి. బండిని తిప్పేవి అవే, దారిలో ఉంచేవి అవే. వెనక ఎలాగూ మూటల బరువు అదిమి ఉంచుతుంది.

మీ ఆయనకు నమస్కారాలు చెప్పు.

గోపాలరావు


కూమా
25 జూన్ 2000

అన్నయ్యకు,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. సీజన్ మొదలైంది. పొద్దున అయిదుకు బాయిలరు వెలిగిస్తే సాయంత్రం దాకా నిలబడే ఉంటాం. నా వేళ్ళు పగిలి దుప్పట్లకు రక్తం మరకలవుతున్నాయి. మళ్ళీ ఉతుకుతున్నాను. ఉదయం కుళాయి తిప్పితే నీళ్ళు రావు, పైపులో గడ్డకట్టి ఉంటాయి.

ఆయన ఆవిరి గదిలో గోడకానుకుని జావా పుస్తకం చదువుతారు. పేజీలు తడికి ఉబ్బిపోయాయి. మొన్న, "అక్కడ సిడ్నీలో డాట్ కామ్ అన్నవాడికల్లా డబ్బు కుమ్మరిస్తున్నారు వసూ. నేనిక్కడ ఎవరి తువ్వాళ్ళో మడతపెడుతున్నాను" అన్నారు. నేను ఇంకో దుప్పటి అందుకుని మడతపెట్టాను. మాట్లాడి ఉండాల్సింది.

వ్యాగన్ ఒక్కటే ఆయనకు ఇష్టం. నువ్వు చెప్పినవన్నీ చేశారు. వల కూడా కట్టారు. ఇంకా చైన్లు అవసరమయ్యేంత మంచు పడలేదు, కానీ ఆదివారాలు పెరట్లో కట్టడం నేర్చుకుంటున్నారు. సుమ గడియారం పట్టుకుంటుంది. "నైన్ మినిట్స్! లాస్ట్ వీక్ ఫోర్టీన్, డాడీ!" అని అరుస్తుంది. ఈయన మోకాళ్ళ మీద నుంచి లేచి, చేతులు దులుపుకుని, "అమ్మను మీ మామయ్యకు రాయమను, తొమ్మిది నిమిషాలు అని" అన్నారు. రాశాను.

వసుంధర


సన్నీబ్యాంక్
2 ఆగస్టు 2000

చిరంజీవి వసుంధరకు,

ఆదివారం రాత్రికి ఇల్లు చేరాను. నిన్నటి నుంచి పనిలోకి వెళ్తున్నాను.

పదకొండో రోజు సిడ్నీలో, కెల్లీవిల్‌లో మీ ఆయన అన్నగారింట్లో జరిపించడమే మంచిదైంది. మీ అత్తగారికి ఆ ఇల్లు అలవాటు. కూమాలో అయితే ఆ చలికి ఆవిడ తట్టుకోలేకపోయేవారు.

లాండ్రీ లీజు సంగతి. మనిషి పోయినప్పుడు మధ్యలో వదులుకునే వీలు ఉంటుందేమో, కాగితాలు ఎవరికైనా చూపించు. అంతవరకు పైకి మూటలు తీసుకెళ్ళడానికి ఎవరినైనా పెట్టుకో. నువ్వు నడపవద్దు.

సుమ బడికి వెళ్తోందా?

గోపాలరావు


కూమా
20 ఆగస్టు 2000

అన్నయ్యకు,

నీ ఉత్తరంలో నా పేరుకు ముందు "సౌ." లేదు. నువ్వేం చేస్తావు, రాయకూడదు. ఊరికే అన్నాను. ఇరవై ఏళ్ళుగా నీ ఉత్తరాల్లో ఆ అక్షరాన్ని నేను గమనించిందే లేదు. ఇప్పుడు అది లేని చోటే కనిపిస్తోంది.

పోలీసుల నుంచి కాగితం వచ్చింది. జూలై పంతొమ్మిదో తారీకు పొద్దున పైన త్రెడ్‌బో లాడ్జీల నుంచి దిగుతుంటే వెనక చక్రాలు జారి, బండి గిర్రున తిరిగి, లోయ వైపు చెట్లలోకి పోయిందని మనకు తెలుసు. దాని కింద ఒక వాక్యం ఉంది. చైన్లు తోసే చక్రాలకు కాకుండా ముందు చక్రాలకు కట్టి ఉన్నాయని, డ్రైవరు అవగాహన లోపమే కారణమని.

ఆయన అన్నగారు అది వాళ్ళ అమ్మకు చదివి వినిపించారు. ఆవిడ ఫోన్ చేసింది. "నా కొడుక్కి పుస్తకాల మీద ఉన్న ధ్యాస పనుల మీద ఉండదమ్మా, చిన్నప్పటి నుంచీ అంతే. ముందేదో వెనకేదో చూసుకోలేదా? నువ్వైనా చెప్పలేకపోయావా?" అని ఒకటే ఏడుపు. కెల్లీవిల్ ఆంటీలందరికీ తెలిసిపోయింది. "కంప్యూటర్ వాళ్ళకు చేతిపని రాదండీ" అని ఒకావిడ నాతోనే అంది, ఓదార్చడానికి.

మొన్న కెన్ అని ఒక ముసలాయన లాండ్రీకి వచ్చాడు. లాడ్జీలకు పాలు వేస్తాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ పొద్దున చైన్లు కట్టుకునే చోట ఈయన పక్కనే ఆపాడట. "రాంగ్ ఎండ్, మేట్" అని చెప్పాడట. ఈయన నవ్వి, "మా బావగారు చెప్పారు, ఆయన ముప్ఫై ఏళ్ళుగా కార్ల మనిషి" అన్నారట. ఆ పెద్దాయన ఇంకో మాట అనకుండా వెళ్ళిపోయాడట. "ఐ షుడ్ హావ్ కిక్డ్ అప్ ఎ ఫస్" అని, గొడవ చేసైనా ఆపాల్సిందని నా ముందు ఏడ్చాడు.

అన్నయ్యా, నీ ఏప్రిల్ ఉత్తరం వంటింటి సొరుగులో ఉంది. నేను నిన్నేమీ అనడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ముందు చక్రాలకు అని రాశావు కదా? నేను తప్పు చదవలేదు కదా?

వసుంధర


సన్నీబ్యాంక్
31 ఆగస్టు 2000

చిరంజీవి వసుంధరకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇలాంటి ప్రమాదాలు ఒక్క కారణంతో జరగవు. కొన్ని సంగతులు రాస్తాను.

మొదటిది టైర్లు. కొత్తవని నువ్వు రాశావు కానీ ఏ రకమో రాయలేదు. వేడి ప్రాంతాలకు చేసిన రబ్బరు చలిలో చెక్కలా బిగుసుకుంటుంది. రెండోది గాలి. చల్లటి పొద్దున టైర్లో గాలి తగ్గుతుంది, బరువు ఎక్కించినప్పుడు ఇంకో రెండు మూడు పౌండ్లు పెట్టాలి. మూడోది మూటలు. ఆ రోజు ఎన్ని ఎక్కించారో తెలియదు. పద్దెనిమిదికి మించితే వెనక భాగం ఊగుతుంది. నాలుగోది, రాత్రి కరిగి పొద్దున మళ్ళీ గట్టిపడిన మంచు అద్దంలా ఉంటుందట, దాని మీద ఎవరి బండైనా జారుతుంది. అయిదోది బ్రేకులు. దిగేటప్పుడు గేరు తగ్గించకుండా బ్రేకు మీదే వచ్చి ఉంటే చక్రాలు బిగుసుకుపోతాయి.

పోలీసులు ఇవన్నీ చూడరు. కంటికి కనిపించినది రాసేస్తారు. బీమా వాళ్ళు అడిగితే పై సంగతులు చెప్పు. కావాలంటే నేను ఇంగ్లీషులో రాసి పంపిస్తాను.

మీ వదిన సుమకు ఒక స్వెట్టరు అల్లుతోంది.

గోపాలరావు


కూమా
10 సెప్టెంబరు 2000

అన్నయ్యకు,

నువ్వు నాకు ఇంత పెద్ద ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. రెండు పేజీలు. టైర్లు, గాలి, మూటలు, మంచు, బ్రేకులు. నేను అడిగిన దానికి మాత్రం జవాబు లేదు.

పదిహేడు మూటలు ఉన్నాయి. నేనే లెక్కపెట్టి విప్పాను. పోలీసులు వాటిని నాకు తిరిగి ఇచ్చారు. లాడ్జీల సొత్తు కదా, ఉతకాలి. ఉతికాను. ఆయన మీద పడిన దుప్పట్లు నేనే ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపాను. గాలి ఆయన ముందురోజు సాయంత్రమే కొట్టించారు. బ్రేకు దీపాలు వెలగకుండా, గేరు మీదే నెమ్మదిగా దిగుతున్నారని వెనక వస్తున్న బస్సు డ్రైవరు చెప్పాడు. నువ్వు చెప్పినది ఒక్కటీ ఆయన వదిలిపెట్టలేదు. ఒక్కటీ.

ఇక్కడికొచ్చినప్పుడు నువ్వు పోలీసు యార్డుకు వెళ్ళావు. సామాన్లు తెస్తానని వెళ్ళి, గంట తర్వాత ఒట్టి చేతులతో వచ్చావు. ఆ రోజు నుంచీ నా ముఖం చూడలేదు. దుఃఖం అనుకున్నాను. ముందు చక్రాలకు చైన్లు చూసి వచ్చావు, అవునా?

నేను నిన్ను నిందించలేను. నిందిస్తే నాకింకెవరూ లేరు. అమ్మా నాన్నా పోయాక నువ్వే నాకు ఇల్లు. కానీ నా భర్తను తెలివితక్కువవాడిగా పాతిపెడుతున్నారు అన్నయ్యా. సుమ మొన్న వాళ్ళ నానమ్మతో మాట్లాడి ఫోన్ పెట్టేసి నన్ను అడిగింది, "అమ్మా, వాజ్ డాడీ డమ్?" అని. తొమ్మిది నిమిషాల్లో కట్టేవాడే అని దానికి గర్వంగా ఉండేది.

మా అత్తగారికి నీ ఉత్తరం నేను చూపించను. చూపిస్తే, మొగుడి తప్పు అన్న మీదకు నెడుతోందంటారు, లేదా నీ పరువు తీసిన చెల్లెల్ని అవుతాను. ఆవిడకు నువ్వే రాయాలి. అడ్రసు కింద ఇస్తున్నాను.

రాయకపోతే నేనేమీ చెయ్యను. ఎవరికీ చెప్పను. కానీ ఇంక నిన్ను ఏదీ అడగను. సుమ బడి గురించి కాదు, ఇల్లు గురించి కాదు, బండి గురించి కాదు. ఫోన్ చేస్తే ఎత్తుతాను, బాగున్నామని చెబుతాను.

వసుంధర


సన్నీబ్యాంక్
24 సెప్టెంబరు 2000

శ్రీమతి శ్యామసుందరి గారికి,

నమస్కారాలు. నేను వసుంధర అన్నను. జూలైలో మీ ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాను. మీ ఇంటి భోజనం తిన్నాను. అప్పుడు చెప్పాల్సిన మాట చెప్పకుండా వచ్చేశాను.

మంచు చైన్లు ఏ చక్రాలకు కట్టాలని మీ అబ్బాయి ఏప్రిల్‌లో నన్ను అడిగించారు. ముందు చక్రాలకు కట్టమని నేను రాశాను. అది తప్పు. ఆ బండిని తోసేవి వెనక చక్రాలు. వాటికే కట్టాలి. మీ అబ్బాయి నేను చెప్పినట్టు చేశారు. అందువల్లే పోయారు.

నేను పెద్ద చదువు చదవలేదు. ఫిట్టరుగా వచ్చి, విడిభాగాల పుస్తకాల్లో బొమ్మలు చూసి ఇంగ్లీషూ పనీ నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా బ్రిస్బేన్‌లోనే ఉన్నాను. ఇక్కడ మంచు పడదు. చైన్లు నేనెప్పుడూ చేత్తో పట్టుకోలేదు. ఈ ఊళ్ళో మనవాళ్ళెవరైనా కారు కొనాలంటే ముందు నా దగ్గరకు వస్తారు. నేను చెప్పాకే కొంటారు. ఆ ఉత్తరం వచ్చినప్పుడు కూడా అలాగే అనుకున్నాను. జవాబు నా దగ్గర ఉండి తీరాలని.

నాకు రోజూ చేసిన పని రాసుకునే అలవాటు ఉంది. ఏప్రిల్ పంతొమ్మిది కింద ఇలా ఉంది. "వసూకు ఉత్తరం. చైన్ల సంగతి స్టీవ్‌ను అడగాలా? అక్కర్లేదు." స్టీవ్ మా కొట్టులో పనిచేస్తాడు. మంచు ప్రాంతంలో పుట్టినవాడు. ఆ రోజు నాకు ఆరడుగుల దూరంలో కౌంటరు దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు. అడిగితే, ఇంతకాలం పని చేసిన గోపాలరావుకు ఇది తెలియదా అనుకుంటాడని అడగలేదు. కూమా పోలీసు యార్డులో మీ అబ్బాయి బండి చూసి తిరిగి వచ్చాక అడిగాను. అర నిమిషంలో చెప్పాడు.

ఆ ఉదయం ఒక పెద్దాయన తప్పు చక్రాలకు కడుతున్నావని మీ అబ్బాయిని హెచ్చరించాడు. మా బావగారు చెప్పారని మీ అబ్బాయి అన్నారట. అది తెలివితక్కువతనం కాదండి. ఎదురుగా నిలబడ్డ మనిషి కంటే నన్ను ఎక్కువ నమ్మారు, అంతే. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, చైన్లు సరిగ్గా బిగించి కట్టారు. నేను యార్డులో చూశాను. ఒక్క లింకు వదులు లేదు. అంత బాగా కట్టిన చైన్లు నేను చూడలేదు.

వసుంధరకు కూడా ఇందులో ఏ తప్పూ లేదు. ఆమె అడిగింది, నేను చెప్పాను. తర్వాత ఆమె సూటిగా అడిగినప్పుడు కూడా టైర్ల మీద, గాలి మీద నెట్టాలని చూశాను. అది రెండో తప్పు.

పోలీసు కాగితంలో రాసినదాన్ని మార్పించడానికి ప్రయత్నిస్తాను. నా ఉత్తరం నకలు వాళ్ళకు పంపుతున్నాను. మీ ఇంటికి వచ్చేవాళ్ళు మీ అబ్బాయి గురించి ఆ మాట ఎత్తితే, నా పేరూ ఊరూ చెప్పండి. ఎవరు ఫోన్ చేసి అడిగినా నేనేనని చెబుతాను. మీ మనవరాలికి కూడా చెప్పండి. నా గురించి ఏం చెప్పినా సరే.

ఈ ఉత్తరం రాసినట్టు వసుంధరకు నేను తెలియజేయడం లేదు. తెలియజేస్తే ఆమె మళ్ళీ నన్ను ఏదైనా అడగాలన్న ఆశతో రాసినట్టవుతుంది. అడగకపోవడమే మంచిది.

జవాబు అక్కర్లేదు.

గోపాలరావు